నాన్న పడవ మళ్లీ నీళ్లలో దిగింది: చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారి పాత తెరచాప పడవ మళ్లీ హుస్సేన్ సాగర్‌లో తేలింది. వేసవి అంతా అల్వాల్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బోర్లా పడుకుని ఉన్న ఆ పడవను మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని బాగుచేయడానికి ఎంతమంది వచ్చి చేయి వేశారో తలచుకుంటే ఊరికే 'థ్యాంక్స్' అనేసి ఊరుకోబుద్ధి కావడం లేదు. పేర్లు రాయొద్దని ఇద్దరు ముగ్గురు ముందే మాట తీసుకున్నారు. అందుకని ఎవరి పేరూ రాయకుండా, ఎవరు ఏం చేశారో రాస్తున్నాను. చదువుతుంటే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

తెలియని వాళ్ల కోసం ముందు పడవ గురించి రెండు మాటలు. ఇది ఎంటర్‌ప్రైజ్ అనే రకం డింగీ, అంటే చిన్న తెరచాప పడవ. జాక్ హోల్ట్ అనే ఆంగ్లేయుడు 1956లో దీని డిజైన్ గీశాడు. పొడవు పదమూడు అడుగుల పైచిలుకు, రెండు తెరచాపలు, నడిపేది ఇద్దరు. ప్లైవుడ్‌తో ఇంటి దగ్గరే కట్టుకోవచ్చన్న ఆలోచనతో పుట్టిన పడవ కాబట్టి ఇంటి దగ్గరే బాగుచేసుకోవడమూ సాధ్యమే. నీలం రంగు తెరచాపలు దీని గుర్తు. 1982 ఏషియన్ గేమ్స్‌లో సెయిలింగ్ పోటీలు బొంబాయిలో జరిగినప్పుడు అందులో ఎంటర్‌ప్రైజ్ కూడా ఒక విభాగం. మా నాన్న సైన్యంలో ఉండి సికింద్రాబాద్‌లో పనిచేస్తూ ఈ రకం పడవ మీదే సెయిలింగ్ నేర్చుకున్నారు. బుద్ధ విగ్రహం 1992 డిసెంబరులో కదా నిలబెట్టింది, అంతకుముందు అక్కడ ఉన్న ఉత్త బండ చుట్టూ తిరిగొచ్చిన మనిషి ఆయన. రిటైరయ్యాక ఒక పాత పడవ కొనుక్కుని కొన్నేళ్లు నడిపారు. మోకాళ్లు మొరాయించాక అది పెరట్లో టార్పాలిన్ కిందకు చేరింది. ఇల్లు అమ్మి ఫ్లాట్‌కు మారినప్పుడు చాలామంది పాత సామాన్ల వాడికి ఇచ్చేయమన్నారు. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనం చూసే నేను దీనికి పూనుకున్నాను.

మొదటి దండం సాగర్ దగ్గర పడవలు చూసుకునే బోట్‌మాన్ అన్నకు. ఆదివారం సెలవు మానుకుని మా సెల్లార్‌కు వచ్చారు. స్క్రూడ్రైవర్ తిరగేసి పట్టుకుని, దాని పిడితో పడవంతా జానెడు జానెడు చొప్పున కొట్టుకుంటూ వెళ్లారు. చెక్క గట్టిగా ఉన్నచోట 'టంగ్' మని విచ్చుకున్న శబ్దం, పుచ్చినచోట 'డబ్' మని మూగశబ్దం. మూగగా మోగిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీశారు. ఆ తర్వాత నన్ను కళ్లు మూసుకుని వినమన్నారు. కాసేపటికి నాకూ తేడా పట్టుబడింది. ఆయన చెప్పిన ఇంకో విషయం నేనెప్పుడూ ఆలోచించనిది: చెరువులో తిరిగే పడవ కంటే, వాననీళ్లు లోపల నిలిచి గాలాడకుండా పడి ఉన్న పడవే ముందు పుచ్చిపోతుంది. పుచ్చు పట్టించేది ఒక రకం బూజు, దానికి తేమ కావాలి, కాస్త గాలి కావాలి, కదలిక లేకపోవడం కావాలి. టార్పాలిన్ గట్టిగా కట్టేస్తే మూడూ దొరుకుతాయి. మా పడవలో సెంటర్‌బోర్డ్ కేస్ (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక ఉండే పెట్టె) పక్కన, వెనక పలక కింది మూలల్లో, తెరచాప కొయ్య నిలబడే చోట గీతలు ఎక్కువ పడ్డాయి. అయినా ఆయన "మూడొంతులు మంచిగున్నది మేడం, పనిచేస్తది" అన్నారు. ఆ ఒక్క మాట వినగానే నా టెన్షన్ సగం దిగిపోయింది.

ఇక మా కార్పెంటర్ బాబాయ్. ఆయన రోజూ చేసేది వంటింటి అల్మారాలు, వార్డ్‌రోబ్‌లు. పడవ పని ఎప్పుడూ చేయలేదు. కానీ మొదటిరోజే "షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటేనే తీసుకో అమ్మా, మామూలు వాటర్‌ప్రూఫ్ అంటే నమ్మకు" అని చెప్పి, రాణిగంజ్‌కు నాతో పాటు వచ్చారు. మెరైన్ ప్లైకి, అంటే నీళ్లను తట్టుకునే ప్లైవుడ్‌కు ఉండే ప్రమాణం అది. ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. పుచ్చిన భాగం కోసేశాక కొత్త ముక్కను ఊరికే అంచుకు అంచు ఆనించి అతికితే నిలవదు. రెండు అంచులనూ ఏటవాలుగా చిత్రిక పట్టి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాలి. మందానికి ఎనిమిది రెట్లు ఏటవాలు అని లెక్క. మాది 6 మిల్లీమీటర్ల ప్లై కాబట్టి 48 మిల్లీమీటర్లు.

బాబాయ్ ఆ ఏటవాలు పట్టడం నేను దగ్గర కూర్చుని చూశాను. ప్లైవుడ్‌లో పొరలు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఉంటాయి కదా, ఏటవాలుగా చెక్కేకొద్దీ అవి ముదురు, లేత చారలుగా బయటపడతాయి. చారలు తిన్నగా, ఒకే వెడల్పుతో వస్తే చిత్రిక సమంగా పడినట్టు. ఎక్కడైనా చార వంకర తిరిగితే అక్కడ ఎత్తో పల్లమో ఉన్నట్టు. ఆయన స్కేలు పెట్టలేదు, ఆ చారలు చూసే చేయి సవరించుకున్నారు. చివర అంచు కాగితమంత పలచగా వచ్చింది. ఇప్పుడు అతుకు ఎక్కడుందో రంగు కింద నాకే కనిపించదు. ఇంత పని చేసి కూలీ సగమే తీసుకున్నారు. మిగతా సగం ఇవ్వబోతే "మీ నాయన దేశం కోసం చేసిండు, నేను పడవకు చేసిన" అన్నారు. బాబాయ్, ఆ డబ్బు మీ మనవరాలి పేరున పోస్టాఫీసులో వేస్తాను, అప్పుడు కాదనకండి.

అతికించడానికి వాడింది ఎపాక్సీ, అంటే రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ రెండూ కలిపి వాడే జిగురు. దాని సంగతి నాకు నేర్పింది నాలుగో అంతస్తు తమ్ముడు, బాలానగర్‌లో ఫైబర్ అచ్చుల పనిలో ఉంటాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి కూడా తెల్లవారుజామున నాతో కూర్చున్నాడు. మే నెల ఎండల్లో నలభై డిగ్రీలు దాటాక ఎపాక్సీ కలిపితే గిన్నెలోనే వేడెక్కి, పొగలు కక్కి, రాయైపోతుంది. అందుకని సూర్యుడు రాకముందే, కొంచెం కొంచెంగా, లోతు గిన్నెలో కాకుండా వెడల్పాటి ట్రేలో పలచగా పరిచి వాడించాడు. "త్వరగా గట్టిపడాలని హార్డ్‌నర్ ఎక్కువ పోయొద్దక్కా, ఇది మామూలు రెజిన్ కాదు, పాళ్లు తప్పితే ఎప్పటికీ మెత్తగానే ఉంటది" అని రోజూ గుర్తుచేశాడు. కొలత కోసం చిన్న తూకం మిషన్ కూడా తెచ్చిపెట్టాడు. గట్టిపడ్డాక పైన జిడ్డులాంటి పొర వస్తుంది, దాన్ని నీళ్లతో రుద్ది కడిగిన తర్వాతే ఉప్పుకాగితం పెట్టాలి. లేకపోతే దాని మీద వేసిన రంగు పట్టుకోదు. ఇది తెలియక రంగు ఊడిపోయిందని ఎపాక్సీని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారట, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

రెండో అంతస్తు డాక్టరమ్మగారికి ప్రత్యేకంగా నమస్కారం. ఆవిడ పిల్లల డాక్టర్. పాత రంగు గీకడం మొదలుపెట్టే ముందే కిందికి వచ్చి, పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉందనీ, సెల్లార్‌లో పిల్లలు సైకిళ్లు తొక్కుతారు జాగ్రత్త అనీ చెప్పారు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేసే నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మా పడవ మీది రంగు అంతకు చాలా ముందుది. ఆవిడ చెప్పినట్టే పొడిగా గీకకుండా నీళ్లు చల్లుతూ తడి ఉప్పుకాగితంతో రుద్దాం. కింద టార్పాలిన్ పరిచి, వచ్చిన బురదను గుడ్డలతో ఎత్తి మూటకట్టాం. చీపురు అసలు పట్టలేదు. హీట్ గన్ వద్దన్నారు, వాడలేదు. మాస్కులు కూడా ఆవిడే పంపారు. ఇంట్లో పాత తలుపులు, కిటికీలు గీకించేవాళ్లు కూడా ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

అసోసియేషన్ వాళ్లు రెండు పార్కింగ్ స్థలాలు వదిలారు. ఒకటి మాది, ఇంకోటి మా ఎదురింటి దంపతులది. వాళ్లు కారు వేసవంతా రోడ్డు మీద ఎండలో పెట్టుకున్నారు. ఒక్కసారి కూడా 'ఇంకా ఎన్నాళ్లు' అని అడగలేదు.

రంగు దగ్గరకు వస్తే, కార్లకు డెంటింగ్ పెయింటింగ్ చేసే అన్న లేకపోతే ఆ నునుపు వచ్చేది కాదు. గోడలకు పెట్టే లప్పం నీళ్లు పీలుస్తుంది కాబట్టి పడవకు పనికిరాదని, ఎపాక్సీలోనే సన్న పొడి కలిపి లప్పం చేశారు. లైట్లన్నీ ఆర్పించి, మొబైల్ టార్చి పడవ ఒంటికి ఆనించి అడ్డంగా వెలుగు పారించారు. పగలు చేత్తో తడిమితే నున్నగా ఉన్న చోటే నీడలు లేచాయి! ఆ నీడలన్నీ పోయేదాకా ప్రైమర్ వేయనివ్వలేదు. పైన రెండు డబ్బాలు కలిపే పాలీయురెథేన్ పెయింట్ వేశాం. ఆయన దగ్గర స్ప్రే గన్ ఉంది, కానీ తీయలేదు. ఆ పెయింట్‌లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, స్ప్రే చేస్తే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇళ్ల మధ్య చేసే పని కాదు అన్నారు. రోలర్‌తో పలచగా పూసి, వెంటనే బ్రష్ కొసతో ఒక్క గీత లాగితే బుడగలు చదునైపోయాయి. గాలిలో తేమ పెరిగితే మెరుపు చస్తుందని, జూన్ రెండో వారానికల్లా వానలు వస్తాయని రాత్రిళ్లు కూడా కూర్చుని పూర్తిచేశారు.

రంగు దగ్గర ఒక చిన్న వాదన కూడా జరిగింది. నాన్నకు ముదురు నీలం కావాలి. బోట్‌మాన్ అన్న తెలుపే వేయమన్నారు. ముదురు రంగు ఎండలో బాగా కాలుతుంది, ఆ వేడికి లోపలి ఎపాక్సీ మెత్తబడి అతుకుల గీతలు బయటికి కనిపిస్తాయి. చివరికి ఒళ్లంతా తెలుపు, పై అంచు కింద నీలం పట్టీ. నాకైతే ఇదే అందంగా ఉంది, నాన్న కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నారు.

పాతబస్తీలో షామియానాలు కుట్టే భాయ్, చినిగిన తెరచాపను జిగ్‌జాగ్ కుట్టుతో కుట్టి ఇచ్చారు. గాలికి గుడ్డ సాగినప్పుడు తిన్నని కుట్టు పుటుక్కుమంటుంది, ఇది దానితోపాటు సాగుతుంది. బాలానగర్ లేత్ షాపు పెద్దాయన చుక్కాని వేలాడే పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీల్‌తో లేత్ మీద కొత్తగా చేసి ఇచ్చారు, పాతవి అరిగి సన్నబడ్డాయి. ఇద్దరూ వేరే పనులు పక్కనపెట్టి చేశారు.

బయల్దేరిన రోజు సంగతి. ఒట్టి పడవే సుమారు తొంభై కిలోలు. మా వాచ్‌మన్ కాక అందరికంటే ముందు భుజం పెట్టారు. ఆయన మొదట్లో "గిది నిజంగ నీళ్లల్లకు పోతదా బిడ్డా?" అని అడిగిన మనిషి, తర్వాత వచ్చిన ప్రతివాళ్లకూ పుచ్చు ఎక్కడుందో, ప్లై ఎక్కడ మార్చామో చూపించి చెప్పేవారు. పాలబ్బాయి, పేపరబ్బాయి, మూడో అంతస్తు కాలేజీ పిల్లలు, ఆ వేళకు ఆర్డర్ ఇవ్వడానికి వచ్చిన డెలివరీ అబ్బాయి కూడా బండి స్టాండ్ వేసి వచ్చి పట్టుకున్నాడు. బాబూ, నువ్వెవరో నాకు తెలియదు, ఇది నీ దాకా వస్తే బాగుండు. చోటా హాతీలో పాత పరుపులు పరిచి, వెనక పొడుచుకొచ్చిన భాగానికి ఎర్రగుడ్డ కట్టి, ట్రాఫిక్ లేవకముందే తిరుమలగిరి, ప్యారడైజ్ మీదుగా సాగర్ చేరాం.

నీళ్లలో దింపాక పడవ అడుగున పాత పేపర్లు పరిచాం, ఎక్కడ తడిస్తే అక్కడ కారుతున్నట్టు. సెంటర్‌బోర్డ్ కేస్ దగ్గర అరచేయంత తడి తప్ప మిగతాదంతా పొడిగా ఉంది. ఆ తడి కూడా ఒక స్క్రూ బిగిస్తే ఆగింది. లైఫ్ జాకెట్ వేసుకుని నాన్న చుక్కాని పట్టుకున్నారు, బోట్‌మాన్ అన్న ముందు తెరచాప చూశారు, రక్షణ కోసం ఒక మోటారు బోటు వెనకే వచ్చింది. పడమటి గాలి అప్పటికే లేచింది. నాన్న మోకాలి సంగతి మరిచిపోయి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారడం ఒడ్డు నుంచి చూశాను. అమ్మ నా చేయి వదల్లేదు. తిరిగి వచ్చి దిగాక నాన్న ముందుగా అడిగింది "కార్పెంటర్ వచ్చిండా? అతుకు ఎట్ల నిలబడిందో చూపిస్తా" అని.

మిగిలిన సామాను ఉంది: మెరైన్ ప్లై ముక్కలు, 120, 220, 320 నంబర్ల ఉప్పుకాగితాలు, సగం డబ్బా ఎపాక్సీ ప్రైమర్, క్లాంపులు. ఎవరైనా పడవ గానీ, పాత చెక్క సామాను గానీ బాగుచేసుకుంటుంటే వచ్చి తీసుకెళ్లండి, డబ్బులు వద్దు. పైన నేను రాసిన వాళ్లందరికీ, వాళ్ల పిల్లలకీ పడవ ఎక్కే వంతు వేస్తున్నాను. ఒకసారికి నాన్నతో పాటు ఒక్కరే పడతారు, లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఈత రాకపోయినా ఫరవాలేదు. ఆదివారం ఉదయం గాలి బాగుంటే ముందురోజు రాత్రే ఫోన్ చేస్తాను. మొదటి వంతు కార్పెంటర్ బాబాయ్‌ది, రెండోది వాచ్‌మన్ కాకది.