నిలబెట్టి గీయి

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి వెంటనే ఏమీ చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది. తప్పిపోయిన ఆ అబ్బాయి బొమ్మని అప్పటి వయసుతో గీయాలా, ఇప్పుడుండే వయసుతోనా అన్నావు కదా.

మామయ్య ఇంట్లోంచి వెళ్లి తిరిగి రానప్పుడు నీకు రెండేళ్లు. కొన్నాళ్లకి తెలిసిన అబ్బాయొకడు ప్రేమకొద్దీ వాడి బొమ్మ వేసి తెచ్చాడు. చుట్టూ మబ్బులు, తల వెనక వెలుగు. అమ్మమ్మ చూసి, "వీడు పోయాడని నీకెవరు చెప్పారు నాయనా?" అంది. ఆ బొమ్మ ఇప్పటికీ బీరువా వెనకే ఉంది. పాపం, పోలిక బాగానే కుదిరింది.

చనిపోయినవాళ్ల కోసం ఏడవడానికి ఒక రోజంటూ ఉంటుంది. కనబడకుండా పోయినవాళ్ల విషయంలో అదీ ఉండదు. "వాడికి పాటలంటే ఇష్టం" అనే అంటాను నేను. "ఇష్టంగా ఉండేది" అని నోటిదాకా వస్తుంది, మింగేస్తాను.

అర్జెంటీనాలో సైనిక పాలకులు వేలమందిని ఎత్తుకుపోయి మాయం చేశారు. పిల్లల కోసం తల్లులు 1977 నుంచి బ్యూనస్ ఎయిర్స్‌లో ప్లాజా డి మాయో అనే కూడలి చుట్టూ తిరిగేవాళ్లు. 1983 సెప్టెంబర్ 21న, ఆ పాలన ఇంకా ముగియకముందే, ముగ్గురు కళాకారులు వాళ్లతో కలిసి అక్కడ నిలువెత్తు ఆకారాలు గీయించారు. దారినపోయేవాళ్లు కూడా వచ్చి కాగితాల మీద పడుకున్నారు, వాళ్ల ఒంటి చుట్టూ గీత గీశారు. లేనివాళ్లకి ఉన్నవాళ్లు ఒళ్లు అరువిచ్చారన్నమాట! తల్లులు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పారు: వాటిని నేల మీద అంటించొద్దు, గోడలకి నిలబెట్టండి. పడుకోబెడితే చచ్చిపోయారని ఒప్పుకున్నట్టే కదా.

ఆ దేశంవాడే గుస్తావో హెర్మానో అనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, వాళ్లన్నయ్యా 1976లో అలాగే మాయమయ్యాడు. పాత కుటుంబ ఫొటోలు తీసుకుని, మిగిలినవాళ్లని అదే చోట, అలాగే మళ్లీ నిలబెట్టి తీశాడు. లేని మనిషి చోటు ఖాళీ. అవి చూశాక మన ఆల్బమ్ తెరవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అందుకని మొదటిరోజు పెన్సిల్ తీసుకెళ్లకు. ఆ అబ్బాయి వాళ్లమ్మ దగ్గర ఊరికే కూర్చో. వాడు చొక్కా చేతులు మడుస్తాడా, నవ్వితే ఏ పన్ను బయటికొస్తుంది, ఇలాంటివి అడుగు. వయసు సంగతి ఆవిడే తేలుస్తుంది. "బొమ్మ చూస్తే మనసు కుదుటపడుతుంది" లాంటి మాటలు మాత్రం అనకు. గీశాక వద్దని తిప్పి ఇచ్చేసినా బాధపడకు, మళ్లీ గీయి.

ఈసారి నువ్వొచ్చినప్పుడు మామయ్యనీ గీద్దువుగాని. అమ్మమ్మని అడుగుదాం, వాడు గుమ్మంలో ఎలా నిలబడేవాడో. కాదు, నిలబడతాడో.

అమ్మ