గోధుమ మానండి, పప్పు మానకండి

సంపాదకులకు నమస్కారం.

సీలియాక్ జబ్బు (గ్లూటెన్ అనే గోధుమ మాంసకృత్తి పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) అని తేలి, గ్లూటెన్ మానేయమని డాక్టరు చెప్పిన ఇళ్లలో ఒక పొరపాటు తరచు కనిపిస్తోంది. చపాతీ, పూరీ, ఉప్మా, సేమ్యాతోపాటు పప్పు కూడా పక్కన పెట్టేస్తున్నారు. పప్పన్నం తిన్నాక కడుపు ఉబ్బితే అందులోనూ గ్లూటెన్ ఉందని తీర్మానించుకుంటున్నారు. గ్లూటెన్ ఉండేది గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి ధాన్యం) గింజల్లో. కంది, పెసర, మినుము, శనగ, మసూర్, ఉలవ, అలసంద, బఠాణీ, రాజ్మా... వీటిలో దేనికీ పుట్టుకతో గ్లూటెన్ లేదు. పప్పులోకి అది బయటినుంచి వచ్చి చేరుతుంది. ఆ దారులేవో తెలిస్తే చాలావరకు ఇంట్లోనే మూసేయవచ్చు.

ముందు ఒక్క గోధుమ గింజ లెక్క చూడండి. గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు, అంటే దాదాపు 4 మి.గ్రా., గ్లూటెన్. ప్యాకెట్ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని వేసుకోవాలంటే కిలోకు 20 మి.గ్రా. దాటకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. కిలో పప్పులో ఐదు గోధుమ గింజలు పడితే ఆ హద్దు నిండిపోతుంది. పావుకిలోలో రెండు పడితే దాటిపోతుంది. సీలియాక్ ఉన్న చాలామందికి రోజుకు 10 మి.గ్రా. లోపు పడితే పేగుకు హాని ఉండదని, రోజూ 50 మి.గ్రా. పడితే పేగు దెబ్బతింటుందని వైద్యుల అంచనా. కాబట్టి పప్పు ఏరడాన్ని చాదస్తం అనుకోవద్దు. వీరికి అది మందు వేసుకోవడం లాంటిదే.

అన్ని పప్పులకూ ఈ బెడద ఒకేలా ఉండదు. ఎక్కువ జాగ్రత్త కావలసింది మసూర్ పప్పుతో. అది మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్‌లలో గోధుమతోపాటే రబీలో పండుతుంది. పక్క చేలో గోధుమ, అదే నూర్పిడి యంత్రం, అవే గోనె సంచులు, అదే లారీ. పైగా రెండు గింజలూ కొలతలో దగ్గరదగ్గరగా ఉండటంతో మిల్లు జల్లెళ్లలో తేలిగ్గా విడిపోవు. శనగ కూడా అక్కడ రబీ పంటే కానీ, గింజ పెద్దది కాబట్టి జల్లెడలో గోధుమ కిందికి దిగిపోతుంది. మన కంది పత్తి, జొన్న సాళ్ల మధ్య పండుతుంది. కృష్ణా డెల్టాలో మినుము, పెసర అయితే వరి కోతకు ముందే మాగాణిలో చల్లేస్తారు. ఆ చేలకు గోధుమ ముఖమే తెలియదు. అయితే చేనులో శుభ్రంగా ఉన్న పప్పు కిరాణా కొట్టులో పాడవుతుంది. గోధుమ రవ్వ తీసిన డబ్బాతోనే కందిపప్పు తీసి, అదే త్రాసు పళ్లెంలో పోస్తారు. విడిగా అమ్మే పప్పు కంటే మిల్లులో సీలు వేసిన ప్యాకెట్ మేలు.

ఏరే పద్ధతి ఇది. ఒకసారికి ఒక గ్లాసు పప్పే పోయండి. స్టీలు పళ్లెంలో గింజ మీద గింజ పడకుండా పలచగా పరచి, పగటి వెలుతురులో ఒక అంచునుంచి రెండో అంచుకు వేలితో జరుపుతూ చూడండి. తర్వాత పళ్లెం తిప్పి మళ్లీ చూడండి. పొట్టు తీసిన ఎర్ర మసూర్‌లో గోధుమ గింజ రంగుతోనే పట్టుబడుతుంది. పొట్టున్న మసూర్‌దీ గోధుమరంగే కనుక ఆకారం చూడాలి: మసూర్ బిళ్లలా గుండ్రంగా ఉంటుంది, గోధుమ కోలగా, పొట్ట మీద నిలువు గాడితో ఉంటుంది. ఏరాక మూడు నాలుగు నీళ్లు కడగండి. కడిగితే పిండి దుమ్ము పోతుంది కానీ గింజ పోదు, అందుకే ఏరడం ముందు, కడగడం తర్వాత. ఎంత ఉడికించినా గ్లూటెన్ నశించదు.

ఇంత చేసి, చివర్లో తిరగమోతలో గ్లూటెన్ వేసేస్తున్నాం. మార్కెట్లో దొరికే ఇంగువలో ఎక్కువ భాగం శుద్ధ ఇంగువ కాదు, బంకతోనూ పిండితోనూ కలిపినది. ఆ పిండి చాలా రకాల్లో మైదాయే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. చిటికెడు ఇంగువ పావు గ్రాము, అందులో సగం మైదా అనుకున్నా సుమారు 10 మి.గ్రా. గ్లూటెన్. గిన్నెడు పప్పును నలుగురు పంచుకుంటే తలా రెండున్నర మిల్లీగ్రాములే. కానీ పూటకు పప్పుతోపాటు చారు, సాంబారు, మజ్జిగ పులుసు, ఊరగాయ, కందిపొడి... అన్నిటిలోనూ ఇంగువ ఉంటుంది. బియ్యప్పిండితో కలిపిన ఇంగువ దొరుకుతోంది, అది తెచ్చుకోండి. దొరక్కపోతే వెల్లుల్లి తిరగమోత పెట్టండి. విడిగా పొట్లం కట్టి ఇచ్చే ఇంగువ మాత్రం ఎంత వాసన ఉన్నా వద్దు.

శనగపిండిదీ ఇదే కథ. గోధుమలు ఆడే మరలో శనగపప్పు ఆడిస్తే రాళ్ల మధ్య, మర మూతికి కట్టిన గుడ్డ గొట్టంలో మిగిలిన గోధుమపిండి మన సంచిలోకే దిగుతుంది. ముందు కాసిని బియ్యం ఆడిస్తే శుభ్రమైపోతుందన్న భరోసా లేదు. ఇంట్లో మిక్సీలో కొద్దికొద్దిగా ఆడుకోవడమే నయం. జల్లెడ మాత్రం కొత్తది కావాలి. చపాతీ పిండి జల్లించిన జల్లెడ కళ్లలో పిండి ఇరుక్కుని ఉంటుంది, కడిగినా పూర్తిగా వదలదు. గారెల పిండి జారుగా అయితే బొంబాయి రవ్వ కలిపే అలవాటు చాలామందికి ఉంది. దాని బదులు బియ్యప్పిండి కలపండి. బయట తినేటప్పుడు పెసరట్టు అడిగితే ఉప్మా వద్దని ముందే చెప్పాలి. మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా, మైదాతో చేసే మైసూరు బజ్జీలు వేగిన నూనెలోనే వేగుతుంది.

ఇక కడుపు ఉబ్బరం సంగతి. పప్పుల్లో కొన్ని రకాల చక్కెరలు చిన్నపేగులో అరగవు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తాయి. సీలియాక్‌తో పేగు దెబ్బతిన్నవారికి మొదటి వారాల్లో ఇది మరీ ఇబ్బంది. అంతమాత్రాన అది గ్లూటెన్ దెబ్బ అనుకోకూడదు. పలచటి పెసరకట్టుతో మొదలుపెట్టండి: రెండు చెంచాల పొట్టు తీసిన పెసరపప్పు, ఐదారు రెట్ల నీళ్లు, మెత్తగా మెదిపి. వారం తర్వాత కందిపప్పు, ఆ తర్వాత మినప్పప్పు ఇడ్లీ, చివరికి శనగలు, రాజ్మా. పొట్టు గింజల్ని రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. రాజ్మాను కొత్త నీళ్లలో పది నిమిషాలైనా తెర్లనిచ్చి, తర్వాత మెత్తగా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే పదార్థం ఉంటుంది. ఆ బాధనూ గ్లూటెన్ మీదికే నెట్టేసేవారున్నారు.

పప్పు మానేస్తే నష్టం పెద్దది. గోధుమ పోయి, పప్పూ పోతే తెల్లన్నమే మిగులుతుంది. అందులో పీచు తక్కువ, ఫోలేట్ అనే విటమిన్, ఇనుము అంతకంటే తక్కువ. మందులకు లొంగని రక్తహీనతతోనే బయటపడే జబ్బుకు ఇది ఏమాత్రం తగదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు సూచించింది. పప్పులో మామిడికాయో, టమాటానో, పైన నిమ్మరసమో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. ఇంకొక్క మాట: పరీక్ష చేయించుకోకుండా గోధుమ మానకండి. మానేశాక రక్తపరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు.

సీలియాక్ ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర బాగా తక్కువ. అందుకే ఇక్కడ హోటళ్లకు, కొట్లకు, అంగన్‌వాడీలకు దీని ఊసు తెలియదు. తెలంగాణలో పసిపిల్లలకిచ్చే బాలామృతంలో శనగపప్పుతోపాటు గోధుమ ఉంటుంది. ఈ జబ్బున్న బిడ్డకు అది పెట్టకూడదని అంగన్‌వాడీ టీచర్‌కు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి, బదులు ఏమివ్వాలో కూడా చెప్పి ఉండాలి. ప్యాకెట్ మీద గోధుమ ఉన్నట్టు తెలపాలని 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఇంగువ, సాంబారు పొడి డబ్బాల మీద అది తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో ఉండేలా రెండు రాష్ట్రాల ఆహార భద్రతా అధికారులు చూడాలి. మీ పత్రికకూ ఒక మనవి: వంటల పేజీలో ‘చిటికెడు ఇంగువ’ అని అచ్చువేసిన చోట, పక్కనే ‘గోధుమ పడనివారు మైదా కలపని ఇంగువ వాడాలి’ అని చేర్చండి.

— ఒక డైటీషియన్, గుంటూరు