డాబా ఆరే వారమే ప్రయాణాల వారం

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరగానే పత్రికల్లో రెండు రకాల కథనాలు వరుసగా వస్తాయి. పిల్లలతో చూసి రాదగ్గ చోట్లు ఒక రోజు, వానలొచ్చేలోగా చేయించుకోవాల్సిన ఇంటి మరమ్మతులు ఇంకో రోజు. రెండూ చదివేది ఒకే కుటుంబం. రెండూ అవే సెలవుల్లో పూర్తి కావాలి. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎక్కడా రాయరు, పని చెడేది మాత్రం అక్కడే. మేం భార్యాభర్తలం. ఒకరిది కట్టడాల పని, ఇంకొకరిది కార్ల సర్వీసింగ్. వేసవిలో ఈ రెండు చోట్లా మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లను మీ పాఠకుల దృష్టికి తేవాలని రాస్తున్నాం.

తెలంగాణలో కొన్నేళ్లుగా బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు ఇస్తున్నారు. సరిగ్గా ఏడు వారాలు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారానికి హైదరాబాద్ చేరతాయి. చాలా ఇళ్లలో మే నెలంతా తిరిగొచ్చి జూన్ మొదటి వారంలో మేస్త్రి కోసం వెతుకుతారు. దొరికిన మేస్త్రి మూడు వారాల పనిని మూడు రోజుల్లో ముగించాల్సి వస్తుంది. తడి ఆరని సిమెంటు మీదే వాటర్‌ప్రూఫ్ పూత పడుతుంది. లోపలి చెమ్మ ఎండకు ఆవిరై పైకి తోసుకొస్తుంది. పూత బుడగలు కట్టి, వానలు ముగిసేలోపే పెచ్చులుగా లేస్తుంది. ఇంటివాళ్లు పెయింట్ కంపెనీని తిట్టుకుంటారు. వారం రోజులు ఆరనిచ్చి ఉంటే ఆ పూతే నిలిచేది.

అందుకే మేం చెప్పే వరుస ఇది. సెలవుల మొదటి వారంలో డాబా పరీక్ష, మే మొదట్లో సిమెంటు పని, ఆ తర్వాత ఏడు రోజులు పొద్దునా సాయంత్రం తడపడం. తడిపే రోజుల్లో ఇంట్లో ఒక మనిషి ఉండి తీరాలి. ఆపైన వారం పది రోజులు డాబాను ఎవరూ ముట్టకుండా ఎండనివ్వాలి. ఊళ్లు తిరగాల్సింది ఆ రోజుల్లోనే. తిరిగొచ్చాక పూతలు. మధ్యలో ఒక గాలివాన పడినా గట్టిపడిన సిమెంటుకు నష్టం లేదు, ఆరడానికి ఇంకో రెండు మూడు రోజులు కలుపుకుంటే చాలు. అదే వాన అప్పుడే వేసిన పూత మీద పడితే మొత్తం కొట్టుకుపోతుంది.

పరీక్ష అంటే తూముకు గోనెపట్ట కుక్కి, డాబా మీద రెండు అంగుళాల నీళ్లు నిలిపి ఒక రోజంతా చూడటం. వెయ్యి చదరపు అడుగుల డాబాకు ఇందుకు దాదాపు 4,700 లీటర్లు కావాలి. ఎండాకాలం హైదరాబాద్‌లో అది ఇంచుమించు ఒక ట్యాంకరు. అంత నీటిని పారబోయాల్సిన పని లేదు. అనుమానం ఉన్న మూలలో బంకమట్టితో చిన్న గట్టు కట్టి, పదడుగులకు పదడుగుల చోట నీళ్లు నిలిపితే 470 లీటర్లలో తేలిపోతుంది. ఒకటి గుర్తుంచుకోవాలి. కింద గదిలో మరక ఎక్కడుందో పైన పగులు సరిగ్గా అక్కడే ఉండదు. స్లాబులో వేసిన కరెంటు పైపుల వెంట నీరు పాకి, పది అడుగుల అవతల ఫ్యాను కొక్కెం దగ్గర దిగుతుంది. అలా ఫ్యాను దగ్గర చెమ్మ కనిపిస్తే ముందు ఆ గది కరెంటు ఆపాలి.

పగుళ్లు వెతకడానికి తెల్లవారుజాము మంచిది. రాత్రి చల్లదనానికి స్లాబు కుంచించుకుని పగులు నోరు తెరుచుకుని ఉంటుంది, సన్నవి కూడా కంటికి ఆనతాయి. సుద్దముక్కతో గీత గీసి పెట్టుకుంటే మేస్త్రి వచ్చేసరికి వెతుకులాట ఉండదు. పైపైన సిమెంటు పాలు పోసి రుద్దడం దండగ. అది ఆరుతూ ముడుచుకుని పగులుకు రెండు పక్కలా కొత్త గీతలు పెడుతుంది. పగులును ఉలితో గానీ గ్రైండర్‌తో గానీ సుమారు 10 మిల్లీమీటర్ల లోతుకు వీ ఆకారంలో తెరిచి, దుమ్మంతా కుంచెతో ఊడ్చి, కాస్త తడిపి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లెడ పట్టిన ఇసుకలో ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటుకు పట్టు పెంచే ద్రవం) కలిపి కూరాలి. లేటెక్స్ ఎంతన్నది డబ్బా మీదే ఉంటుంది, ఆ పాలు తగ్గించకూడదు. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో గోలా (మూలను గుండ్రంగా పూడ్చే సిమెంటు పట్టీ) పగిలి ఉంటే పాతదంతా తీసేసి కొత్తది వేయించాలి. మా అనుభవంలో ఎక్కువ డాబాలు కారేది ఈ గోలా దగ్గరే. ఎండకు స్లాబు సాగినంతగా గోడ సాగదు, ఆ లాగులాటంతా మూల మీదే పడుతుంది.

నీరు దిగే ఇంకో దొంగ దారి డిష్ గొట్టం, సోలార్ స్టాండు, బట్టల తీగ కంబం. వీటి బోల్టులు స్లాబులోకి దించి వదిలేస్తారు. ప్రతి బోల్టూ ఒక రంధ్రమే. సిమెంటు దిమ్మె పోసి దానికి స్టాండు బిగించమని ముందే చెప్పాలి.

పూత వేసే రోజు డాబా మీద అరచేయి ఆనించండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆ పూట వేయకూడదు. కాలే స్లాబు మీద పూత పైన ఆరిపోతుంది, కింద పట్టుకోదు. పొద్దున తొమ్మిది లోపు లేదా సాయంత్రం ఐదు దాటాక పని పెట్టుకోవాలి. మొదటి పూత డబ్బా మీద చెప్పినంత నీళ్లు కలిపి పలుచగా, తర్వాతి రెండు చిక్కగా. ఒకటి నిలువుగా కొడితే ఇంకొకటి అడ్డంగా కొట్టాలి. పిట్టగోడకు అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. పాత సున్నం ఉంటే వైర్ బ్రష్‌తో గీకి తీరాలి, సున్నం మీద ఏ పూతా అంటుకోదు. తెల్ల రంగు తీసుకుంటే వేడి కూడా తగ్గుతుంది. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలా ఎండను తిప్పికొట్టే పైకప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు అది యజమాని ఇష్టం. మా మాట అడిగితే, పై అంతస్తులో పడుకునేవాళ్లందరూ వేయించుకోవాలి. గదుల్లో లప్పం, రంగుల పని మాత్రం ఒక వానాకాలం గడిచి పైన కారడం లేదని తేలాకే.

ఇక డాబా ఆరే వారం చేసే ప్రయాణం సంగతి. ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించి కొట్టించాలని చాలామంది నమ్ముతారు. ఇది ప్రాణాలు తీసే నమ్మకం. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ పక్కగోడ మడత పడి లేస్తుంది. ఆ మడతలోనే వేడి పుడుతుంది, ఆ వేడికే తీగలు విడిపోయి టైరు పేలుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. ఇద్దరికి ఒక అంకె, నిండు కుటుంబానికీ సామానుకూ వేరే అంకె. ఊరెళ్లేటప్పుడు రెండోదే చూడాలి. బండి కనీసం మూడు గంటలు నిలిచి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. దారిలో వేడెక్కాక నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరగడం మామూలే, దాన్ని తీసేయకూడదు.

టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. తక్కువ తిరిగిన బండ్లలో గాట్లు కొత్తగా కనిపిస్తాయి గానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. పక్కగోడను వేలితో వంచినప్పుడు వెంట్రుకంత బీటలు కనిపిస్తే ఆ టైరుతో దూర ప్రయాణం వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వేగానికి అనుమతి ఉందంటే పాత టైరుకూ అనుమతి ఉందని కాదు. స్టెప్నీలో గాలి కూడా అప్పుడే చూసుకోవాలి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకూడదు. మన బోరు నీటిలోని లవణాలు సన్నని గొట్టాల్లో పొరగా పేరుకుంటాయి. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ చిక్కటిదైతే (కాన్సన్‌ట్రేట్) డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలిపితే సరిపోతుంది. దారిలో ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, బండి పక్కకు తీయాలి. అరగంట దాటి, చేయి పెట్టగలిగేంత చల్లబడే దాకా మూత విప్పకూడదు. లోపలి నీరు మరుగుతూ ముఖం మీదికి చిమ్ముతుంది.

శ్రీశైలం వెళ్లే నగర కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఒక మాట. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి దారి మూసేస్తారు. అర్ధరాత్రి హైదరాబాద్‌లో బయల్దేరితే పిల్లలతో గేటు ముందు కూర్చోవాల్సిందే. తెల్లవారుజాము నాలుగు ప్రాంతంలో బయల్దేరితే గేటు తెరిచే వేళకు అక్కడుంటారు, ఘాట్‌లో ఎండ ముదరకముందే దిగిపోతారు. దిగేటప్పుడు రెండో గేరులో, బ్రేకు వదిలి వదిలి నొక్కుతూ రావాలి. కాలిన వాసన వస్తే విశాలమైన చోట ఆపి చల్లారనివ్వాలి, చక్రాల మీద నీళ్లు కొట్టకూడదు. తాళం వేసి బయల్దేరే ముందు గ్యాస్ రెగ్యులేటర్, సంపు మోటారు ఆపాలి. ఫలానా రోజుల్లో ఇంట్లో ఎవరూ ఉండరని పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పాలి.

మీ పత్రికకు మా మనవి రెండు. మరమ్మతుల కథనం మేలో కాకుండా ఏప్రిల్ మూడో వారంలోనే వేయండి. శ్రీశైలం గురించి రాసిన ప్రతిసారీ గేటు వేళలు కూడా అచ్చువేయండి. పెట్రోల్ బంకుల యజమానులకు ఇంకొకటి: గాలి ఉచితంగా ఇవ్వడం మీ బాధ్యతే, కానీ గేజి తప్పు చూపిస్తే ఆ ఉచితం ప్రమాదం. మే నెల వచ్చేలోగా ఒక్కసారి గేజిని సరిచూయించి, ఆ తేదీని గాలి యంత్రం మీద రాసి పెట్టండి.

ఇట్లు,
దంపతులం, మల్కాజిగిరి, హైదరాబాద్
(పేర్లు ప్రచురించవద్దని మనవి)