మనోవర్తి వాయిదాలపై హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా చెల్లి మనోవర్తి కేసు వేసి పద్నాలుగు నెలలైంది. వాయిదా రోజున నాలుగేళ్ల పాపను చంకనేసుకుని తొలి బస్సెక్కుతుంది. వరండాలో ఉన్నది ఒక్కటే బెంచీ. చోటు దొరక్క మెట్ల మీద కూర్చుని, పాపకు డబ్బాలోని పెరుగన్నం అక్కడే తినిపిస్తుంది. సాయంత్రానికి పేరు పిలుస్తారు, మరో తేదీ ఇస్తారు. అంతే.

మధ్యంతర భరణం, అంటే కేసు తేలేలోపు ఇచ్చే మనోవర్తి, అర్జీని నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలోని 144వ సెక్షన్ చెబుతోంది. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్లు వేయాలని, అవతలివారికి నాలుగు వారాలే గడువని 2020లో రజనేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు రెండుకు మించి వాయిదాలు వద్దని కూడా అంది. చెల్లి భర్త ఇప్పటికీ వేయలేదు. అడిగినవారూ లేరు.

ముందు రాజీకి ప్రయత్నించాలన్న 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం మంచిదే. కానీ రాజీ మాటలు నడిచినన్నాళ్లూ పాప పాలకు డబ్బులెవరిస్తారు?

దయచేసి ఈ గడువులు అమలయ్యేలా కింది కోర్టులకు సర్క్యులర్ పంపండి. అఫిడవిట్ నమూనా తెలుగులో కౌంటర్ దగ్గర ఉంచండి. కేసులను ఉదయం, మధ్యాహ్నం అని విడదీసి పిలిపించండి. చెల్లి వచ్చే వాయిదా సోమవారమే.

ఇట్లు,
ఒక అన్న