చెరువును లెక్కలోకి తీసుకోని పర్యావరణ నివేదికలు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

జీవవైవిధ్య ఒప్పందంపై సంతకం చేసిన దేశాల పదకొండో సదస్సు 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ సందర్భంగా గచ్చిబౌలి దగ్గర ఒక జీవవైవిధ్య ఉద్యానం ఏర్పాటైంది. దాని పక్కనున్న కూడలిని జనం బయోడైవర్సిటీ జంక్షన్ అని పిలుస్తున్నారు. ఆ కూడలికి చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల లోపే ఎన్నో పెద్ద కంపెనీల క్యాంపస్‌లున్నాయి. వాటిలో చాలా కంపెనీలు పర్యావరణ బాధ్యతపై ఏటా నివేదికలు వెలువరిస్తాయి. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, అటువంటి నివేదికలు కొన్నింటిని తీరిగ్గా, శ్రద్ధగా చదివాను. కరెంటు వాడకం ఎంత తగ్గిందో, కర్బన ఉద్గారాలు ఎంత తగ్గాయో, ఎక్కడెక్కడ ఎన్ని మొక్కలు నాటారో అందులో ఉంది. క్యాంపస్ ప్రహరీ గోడకు అవతలనున్న చెరువు పేరు మాత్రం నేను చదివిన వాటిలో ఎక్కడా కనబడలేదు. ఈ ఉత్తరం ఆ లోటు గురించే.

ఇది ఏ ఒక్క కంపెనీ నిర్లక్ష్యమో అనుకుంటే పొరపాటు. మూలం నిబంధనల్లోనే ఉంది. మార్కెట్ విలువను బట్టి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరతపై బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల్లో, అంటే అభయారణ్యాలు, చిత్తడి నేలలు, తీర నియంత్రణ మండలాల వంటి చోట్ల, కార్యాలయాలుంటే చెప్పమని ఆ నివేదిక అడుగుతుంది. అయితే అక్కడి జీవవైవిధ్యంపై కంపెనీ ప్రభావం ఏమిటన్న ప్రశ్న ఐచ్ఛిక విభాగంలో ఉంది. ఇక చిత్తడి నేల అంటే ఏమిటని కేంద్రం 2017లో తెచ్చిన నియమాలను చూస్తే, తాగునీటి కోసం, సాగునీటి కోసం మనుషులు తవ్వించిన జలాశయాలను ఆ నిర్వచనం నుంచే మినహాయించారు. దక్కన్ పీఠభూమిలో మన చెరువులు దాదాపు అన్నీ కాకతీయులో, కుతుబ్‌షాహీలో, ఊరి పెద్దలో సాగుకోసం, తాగునీటి కోసం కట్టించినవే. కాబట్టి వందల ఏళ్లుగా కొంగలకు, నీటికోళ్లకు, చేపలకు, చేపలు పట్టే కుటుంబాలకు ఆధారమైన చెరువు కంపెనీ నివేదికలో చిత్తడి నేలగా నమోదు కావలసిన అవసరమే లేకుండా పోయింది. సహజంగా ఏర్పడ్డ కొల్లేరుకు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసార్ గుర్తింపు వచ్చింది. గొలుసుకట్టు చెరువుకు మాత్రం ఈ నిర్వచనంలో చోటు లేదు.

గొలుసుకట్టు అన్న మాట ఎందుకు వాడుతున్నానంటే, మన ప్రాంతంలో ఏ చెరువూ ఒంటరిది కాదు. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీరు వాగు వెంట కింది కుంటకు, అక్కణ్ణుంచి మరో చెరువుకు చేరేది. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో ఊరి నీరటికి తెలిసేది. ఇప్పుడు ఆ వాగే నాలా అయింది, చాలాచోట్ల పైకప్పు పడ్డ మురుగు కాలువ అయింది. 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కింది కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు, ఎక్కువమంది వాన తీవ్రత గురించే మాట్లాడారు. వాన అసాధారణంగానే కురిసింది, కాదనను. కానీ నీరు నడిచే దారి ఇరుకైనందువల్ల జరిగిన నష్టాన్ని వాన ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక ఎకరంపై ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 40 వేల లీటర్ల నీరవుతుంది. పది ఎకరాల క్యాంపస్‌పై ఒకే రాత్రి పది సెంటీమీటర్లు కురిస్తే అది 40 లక్షల లీటర్లు. అదే స్థలం పశువులు మేసే కంచగా, గడ్డి నేలగా ఉన్నప్పుడు అందులో కొంత ఇంకేది, కొంత రాళ్ల సందుల్లో నిలిచేది, మిగిలినది నెమ్మదిగా చెరువుకు దిగేది. అంతా పైకప్పు, సిమెంటు, రాతి పలకల పార్కింగ్ అయ్యాక నీరంతా నిమిషాల్లో నాలాలో పడుతుంది. దారిలో వాహనాల నూనెను, చెత్తను, మురుగును వెంట తీసుకుపోతుంది. సొంత స్థలంలో కురిసిన ఈ నీటిని ఏం చేశామో చెప్పకుండా వేరే జిల్లాలో లక్ష మొక్కలు నాటామని చెబితే, ఆ మొక్కలు బతికినా సరే, కింది చెరువుకు ఒరిగేదేమీ లేదు. పైగా ఏ మొక్కలు నాటుతున్నామన్నదీ ముఖ్యమే. రోడ్ల మధ్య, క్యాంపస్‌ల చుట్టూ విరివిగా పెంచిన కోనోకార్పస్ చెట్టును ఇకపై నాటవద్దని గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆదేశించింది.

ఇప్పుడు వ్యాపార ప్రపంచంలో నేచర్ పాజిటివ్ అనే మాట బాగా వినిపిస్తోంది. ప్రకృతికి చేసే నష్టాన్ని తగ్గించడంతో ఆగకుండా, 2020 నాటి స్థితితో పోలిస్తే 2030 నాటికి అది మెరుగుపడేలా చేయడమే దాని అర్థం. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జీవవైవిధ్యంపై కుదిరిన ప్రపంచ ఒప్పందంలోనూ నగరాల్లో పచ్చదనాన్ని, జలవనరులను పెంచాలని ఒక లక్ష్యం, పెద్ద కంపెనీలు జీవవైవిధ్యంపై తమ ప్రభావాన్ని వెల్లడించాలని మరో లక్ష్యం ఉన్నాయి. భారతదేశం అందులో భాగస్వామి. ఇంగ్లాండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి చాలా కొత్త నిర్మాణాలకు ఒక చట్టబద్ధమైన షరతు వచ్చింది: కట్టకముందు ఆ స్థలంలో ఉన్నదానికంటే కనీసం పది శాతం ఎక్కువ జీవవైవిధ్యం సమకూర్చాలి, దాన్ని 30 ఏళ్లు కాపాడాలి. ముందు ఆ స్థలంలోనే ప్రయత్నించాలి, కుదరకపోతేనే వేరేచోటు వెతకాలి. ఆ లెక్కల పద్ధతి మనకు యథాతథంగా సరిపోతుందని నేననడం లేదు. "ముందు ఇక్కడ" అన్న ఆ వరుస మాత్రం మనం తీసుకోదగ్గది.

నిజానికి ప్రకృతిని ఆధారం చేసుకుని నగరాన్ని దిద్దుకోవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాలతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. నీరు కావాలంటే నీరొచ్చే నేలనూ కాపాడాలన్న ఎరుకతోనే 1996లో 111 జీవో ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసింది.

కంపెనీలు చెరువులను దత్తత తీసుకుంటున్న మాట వాస్తవమే, అందుకు నాకు సంతోషమే. కాని మా ఇంటికి దగ్గరలో అలా బాగుచేసిన ఒక చెరువు చూసి బాధపడ్డాను. చుట్టూ రాతి గోడ కట్టి, నడక దారి వేసి, రంగు దీపాలు పెట్టారు. శిఖం, అంటే చెరువులో నీరు నిలిచే నేల, అంచున జమ్ము, తుంగ మొలిచే లోతు తక్కువ నేలంతా ఆ పనిలో పోయింది. కాలి లోతు నీళ్లలో తిరిగి మేత ఏరుకునే పిట్టలకు ఆ అంచే ఇల్లు. నీటిలోని మురికిని కొంతవరకు పీల్చేది కూడా ఆ తుంగే. మరుసటి ఏడాది ఎండాకాలంలో అక్కడ చేపలు చచ్చి తేలాయి, ఎందుకంటే చెరువులోకి వచ్చే మురుగును ఎవరూ ఆపలేదు. బెంగళూరులో జక్కూరు చెరువు దగ్గర శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని ముందు రెల్లు, జమ్ము పెంచిన మడుగులోంచి పారించి ఆ తర్వాతే చెరువులోకి వదులుతున్నారు. చెరువు బాగు అంటే అటువంటి పని.

డ్రైనేజీ ప్రభుత్వ బాధ్యత కదా అని కంపెనీలు అంటాయి. అందులో నిజముంది. చెరువుల్లోకి చేరే మురుగులో పెద్ద భాగం కాలనీలదే, దానికి జలమండలి, పురపాలక సంస్థలే జవాబు చెప్పాలి. అయినా సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చులో తాము పనిచేసే ప్రాంతానికీ, దాని చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. గోడ అవతలి చెరువు కంటే దగ్గరి ప్రాంతం ఏముంటుంది?

ప్రభుత్వాలకు నా విన్నపం ఇది. ఎకరం దాటిన ప్రతి కొత్త నిర్మాణానికీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు, అక్కడి వాననీరు కట్టకముందు ఎంత వేగంగా, ఎంత మేర బయటికి పోయేదో అంతకు మించకూడదన్న షరతు పెట్టి, తొలి వానాకాలం తర్వాత దాన్ని తనిఖీ చేయాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు చుట్టూ 30 మీటర్ల బఫర్, అంటే నిర్మాణాలు లేని జాగా, ఉండాలన్న నియమం 2012 నాటి భవన నిబంధనల్లోనే ఉంది. ఆ హద్దురాళ్లు పాతితే ఎవరి గోడ ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. అమీన్‌పూర్ చెరువు కూడా మనుషులు కట్టినదే, అయినా 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు దక్కింది. ఐటీ కారిడార్‌లోని చెరువులకు, పటాన్‌చెరు వంటి పారిశ్రామిక వాడల కింది చెరువులకు అదే దారిలో గుర్తింపు తెస్తే కంపెనీ నివేదికల్లో వాటి పేరు రాయాలని గట్టిగా అడగవచ్చు. అమరావతిలో ఇంకా చాలా నిర్మాణాలు మొదలు కావలసి ఉంది కనుక, కొండవీటి వాగు పరీవాహకంలో ఈ షరతులన్నీ పునాదులకు ముందే రాసుకునే అవకాశం అక్కడ ఉంది.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఏటా తొలకరికి ముందు జిల్లా సంచికల్లో ఒక్కో చెరువును తీసుకుని, దానికి నీరొచ్చే దారిలో ఏయే క్యాంపస్‌లు, కాలనీలు, పరిశ్రమలు ఉన్నాయో పటంతో సహా ప్రచురించండి. ఆ పటాలు గీయడానికి నేల ఎత్తుపల్లాలు, వాగులు చూపే పాత సర్వే పటాలు, అంటే టోపోషీట్లు, చదవడం తెలిసిన నాలాంటి విశ్రాంత ఇంజనీర్లు ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు,
శేరిలింగంపల్లి, హైదరాబాద్