లింకర్ల జాబితా బట్టీ పడితే వాక్యం అతకదు

సంపాదకులకు,

పదో తరగతి, ఇంటర్ పరీక్షలు దగ్గరపడితే తిరుపతి, చిత్తూరు పిల్లల చేతుల్లో ఇంగ్లిష్ ‘లింకర్ల’ (వాక్యాలను అతికే మాటల) జిరాక్స్ కాగితాలు కనిపిస్తాయి. మోర్ఓవర్, ఫర్దర్‌మోర్, నెవర్‌ద్‌లెస్... అన్నీ బట్టీయే. మార్కులు పోయేది మాత్రం ఈ బరువైన మాటల దగ్గర కాదు, ఆల్దో, బికాజ్, అన్‌లెస్ దగ్గర.

తెలుగులో అతుకు క్రియ చివర ఉంటుంది: వస్తే, వచ్చినా, వచ్చేదాకా. ఇంగ్లిష్‌లో అది విడి మాటగా ముందుకొస్తుంది. ‘వాన పడినా అలిపిరి మెట్లెక్కాం’ అన్నప్పుడు పనంతా ‘నా’ ఒక్కటే చేసింది. ఇంగ్లిష్‌లో పిల్లలు ముందు ‘ఆల్దో’ పెట్టి, అది చాలదన్నట్టు నడుమ ‘బట్’ కూడా చేరుస్తారు. ‘బికాజ్’తో మొదలెట్టి ‘సో’ తగిలించడమూ ఇదే తప్పు. రెండు వాక్యాలు కలపడానికి అతుకు ఒక్కటే, మూడింటికి రెండు. ‘ఈదర్–ఆర్’ లాంటి జంటను ఒకటిగానే లెక్కేయాలి.

అసలు చిక్కు ఆ ‘నా’లోనే ఉంది. ‘వాన పడినా వెళ్లాం’ అంటే వాన పడింది, అక్కడ ఆల్దో. ‘వాన పడినా వెళ్తాం’ అంటే పడుతుందో లేదో తెలియదు, అక్కడ ఈవెన్ ఇఫ్. తెలుగులో రెండుచోట్లా ఒకే ‘నా’ కాబట్టి పిల్లలకు తేడా తోచదు. వాన పడిందా, ఇంకా పడలేదా అని ముందు అడిగించాలి. ఏ గైడులోనైనా ఈ ఒక్క ప్రశ్న ఉంటే ఎంత బాగుండేదో!

‘టికెట్ తీసుకోకపోతే’లో ‘లేదు’ దాగి ఉంది. అన్‌లెస్‌లోనూ అంతే. అందుకే దాని పక్కన మళ్లీ ‘డోంట్’ పెడితే అర్థం తలకిందులవుతుంది. డిస్పైట్ తర్వాత ‘ఆఫ్’ రాదు, ‘ఇన్ స్పైట్’ తర్వాత రాక తప్పదు. నో సూనర్‌కు జోడీ ‘దాన్’ (than), హార్డ్లీకి వెన్. ‘చెప్పకుండా వెళ్లాడు’కు అతుకే అక్కర్లేదు, ‘వితౌట్ టెల్లింగ్’ చాలు. ‘వచ్చి, తిని, పడుకున్నాడు’లో ‘అండ్’ చివరి క్రియ ముందు ఒక్కసారే.

హౌఎవర్, దేర్‌ఫోర్‌లను కామాల మధ్య ఇరికించి రెండు పూర్తి వాక్యాలు కలపడం పెద్దవాళ్ల దరఖాస్తుల్లోనూ కనిపిస్తుంది. వాటికి ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి, తర్వాత కామా.

బడిలో చేయించదగ్గ పని చిన్నదే. పత్రికలోని ఒక వార్త తీసుకుని తే, నా, దాకా, కుండా ఉన్నచోట గీత గీయించాలి. ఒక్కోదానికి ఇంగ్లిష్‌లో ఏ మాట వస్తుందో, అది వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో పక్కన రాయించాలి. రోజుకు ఐదు వాక్యాలు మించనక్కర్లేదు. మీ విద్యా పేజీలో లింకర్ల పట్టిక వేసే బదులు ఇలాంటి ఐదు తెలుగు వాక్యాలు ఇచ్చి, జవాబులు మర్నాడు ప్రచురించమని మనవి.

— కొందరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, తిరుపతి