ధర్మరాజుల గుడి భారతానికీ, గుడి వెనక కొట్టానికీ మీ చెయ్యి కావాలి

అందరికీ నమస్కారం. ఈసారి చందాలు ఆలస్యంగా అడుగుతున్నాం, తప్పు మాదే. భారతం ఉత్సవం మొదలయ్యే ధ్వజారోహణానికి ఇంకా 20 రోజులే ఉంది, హరికథ భాగవతారిణికి తాంబూలం ఇచ్చేశాం, నాటకం వాళ్ళకు ఈ ఆదివారంలోగా అడ్వాన్సు కట్టకపోతే వాళ్ళు ఇంకో ఊరికి ఒప్పుకుంటారు. హుండీ విప్పి చూస్తే సగానికి కూడా రాలేదు.

భారతం ఆడే మన భారతమిట్ట గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. 18 పర్వాలకు 18 రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. తపస్సు మాను (అర్జునుడి వేషగాడు ఎక్కే పొడుగాటి స్తంభం) మీంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ కోసం తడిబట్టలతో సాగిలపడ్డ తల్లుల బిడ్డలే మీలో చాలామంది. దుర్యోధనుడి బొమ్మకు చెరువు మట్టి తోలింది మీ నాయనల ఎద్దుల బండ్లే. కరువు ఏడాది కూడా ఇంటింటా చాటెడు బియ్యం, దోసెడు చెనక్కాయలు పోగేసి నిప్పుల గుండం దాకా నడిపించారు గానీ మధ్యలో ఆపలేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది కొట్టం సంగతి. (గోపురం రంగుల గురించి కూడా రాయమని అధ్యక్షులవారు చెప్పారు. రాశాను.)

గుడి వెనక రేకుల కొట్టంలో నిరుడు పిల్లలకు కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ రాగి తీగ చుట్టడం నేర్పడం మొదలుపెట్టాం. మన బోర్లు వెయ్యి అడుగులకు పోయాయి, మోటారు కాలితే పలమనేరుకో చిత్తూరుకో ఆటోలో వేసుకుని పోవాలి, అక్కడ రేపు రా ఎల్లుండి రా అంటుంటే ఇక్కడ టమోటా చేను వాడిపోతుంటుంది. మొదటి మోటారు చుట్టింది ఇంటర్ చదివే అమ్మాయి. రాగి తీగ మీదుండే ప్లాస్టిక్ పొర స్లాటు (తీగ దూర్చే గాడి) అంచుకు కాస్త గీరుకున్నా నీళ్ళలో దిగాక షార్టే. ఆ పిల్ల ఒక్కో చుట్టుకూ గోడమీద బొగ్గుతో గీత పెట్టుకుంటూ, వాళ్ళమ్మ అన్నానికి పిలిచినా పలక్కుండా చుట్టింది. చివర్లో ఒక చుట్టు తగ్గిందేమో అని అనుమానం వచ్చి మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. అది ఇప్పుడు గుడి బోరులోనే ఉంది. పోయిన భారతానికి వచ్చి మీరు కాళ్ళు కడుక్కున్నారే, ఆ నీళ్ళు తోడింది ఆ మోటారే.

గుడికీ మోటార్లకూ ఏం సంబంధం అని ఒకరిద్దరు అడిగారు. ఏటేటా విరాటపర్వం వినే ఊరికి ఇది నేను చెప్పాలా? రాజ్యం పోయాక పాండవులకు కూడు పెట్టింది చేతిపనే కదా. భీముడు వంట చేశాడు, నకులుడు గుర్రాలు చూశాడు, సహదేవుడు ఆవులు కాశాడు, ద్రౌపదమ్మ రాణిగారికి అలంకారం చేసింది, అర్జునుడు పిల్లలకు నాట్యం నేర్పాడు. ధర్మరాజు మాత్రం పాచికలు పట్టుకున్నాడు, ఆ విద్య మన కుర్రాళ్ళకు ఫోన్‌లోనే వచ్చేస్తోంది, మేం నేర్పక్కర్లేదు.

లెక్కలంటే నాటకం, హరికథ, అన్నదానం, లైటింగు అన్నీ కలిపి ఇంకా రెండు లక్షల పైచిలుకు కావాలి, అందులో కొట్టానికి నలభై వేలు. వివరంగా గుడి గోడకు అంటించాం, చూసుకోండి.

బెంగళూరులో, చెన్నైలో ఉన్నవాళ్ళకు ఒక మాట, నొచ్చుకోవద్దు. గుండం దగ్గర సెల్ఫీలకు ముందు వరసలో మీరే ఉంటారు, చందా పుస్తకంలో మాత్రం మీ నాయన పేరు పక్కన మూడేళ్ళుగా ఖాళీ. వెయ్యి కుదరకపోతే వంద వేయండి. డబ్బులే కానక్కర్లేదు, పనిచేసే పాత మెగ్గర్ (తీగ పొర ఎక్కడైనా దెబ్బతిందేమో చూసే మీటరు) ఉన్నా పంపండి, ఇప్పుడు పక్క ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర అడుక్కొచ్చి వాడుకుంటున్నాం, ఆయనకు పనున్న రోజు మా క్లాసుకు సెలవే.

ఆదివారం సాయంత్రం దాకా పూజారి గారి దగ్గర ఇవ్వచ్చు, రసీదు అడిగి తీసుకోండి.

ఇట్లు,
కమిటీ కార్యదర్శి